క్రేను మీది నుంచి మన దిక్కు

పోయిన వానాకాలం చివర్లో ఒక పొద్దున, కోహీర్‌లో నేను టీచరుగా పనిచేసే బడిలో ప్రార్థన ఇంకా అయిపోకముందే అక్క ఫోన్ చేసింది. ప్రార్థన వేళ నేను ఫోన్ ఎత్తనని అక్కకు తెలుసు. తెలిసీ చేసిందంటే ఏదో జరిగిందని అనుకుంటూనే ఎత్తాను. అవతల అక్క ఏడవడం లేదు. "మీ బావ చాయ్ తాగుతనని అరుగు మీద కూసున్నడే. చాయ్ గట్లనే ఉన్నది" అంది. తరవాత పక్కింటావిడ ఫోన్ తీసుకుని మిగతాది చెప్పింది. జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందట.

నలభై అంతస్తుల ఎత్తున ఏళ్లకేళ్లు కూర్చుని వచ్చిన మనిషి, నేలకు మూరెడు ఎత్తున్న ఇంటి అరుగు మీద పోయాడు. దీని మీద నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది. ఎవరి మీద అని మాత్రం అడక్కండి.

మా బావ టవర్ క్రేను నడిపేవాడు. ముంబై రోడ్డు మీదుగా హైదరాబాద్ పోయేవాళ్లకు కోకాపేట వైపు ఆకాశంలో లేచిన అద్దాల మేడలు దూరం నుంచే కనిపిస్తాయి. లోపల ఈత కొలనులు, సినిమా హాళ్లు, కుక్కలకు స్నానాల గదులు కూడా ఉంటాయట. వాటిలో ఒకదానికి పునాది గుంత నుంచి పైకప్పు దాకా ఇనుమూ సిమెంటూ అందించిన క్రేనులో కూర్చున్నది మా బావ. మొదట్లో మా దగ్గరి చక్కెర ఫ్యాక్టరీలో బండ్ల మీది చెరుకు దించే క్రేను నడిపేవాడు. అక్కడ పని నేర్చుకుని పట్నం చేరాడు. అక్క మాత్రం మొగుడంపల్లి దగ్గర వాళ్లకున్న కొద్దిపాటి అల్లం చేను చూసుకుంటూ జహీరాబాద్‌లోనే ఉండిపోయింది.

ఆ మేడ నేనే కట్టానని బావ చెప్పుకునేవాడు. "ఇంజినీర్లు, మేస్త్రీలు, గంతమంది కూలోల్లు ఉండంగ నువ్వొక్కనివే ఎట్ల కట్టినవ్ బావా?" అని నేను గెలికేదాన్ని. "వాండ్లు కట్టిన్రు మర్దలా. నేను అందిచ్చిన. అందియ్యకుంటె ఏం కడ్తరు, గాలిని కడ్తరా?" అనేవాడు. బడిలో పిల్లలకు పాఠం అందించేదాన్ని కాబట్టి ఈ విషయంలో నేను ఎక్కువ వాదించలేకపోయేదాన్ని.

పొద్దున నిచ్చెన మెట్లన్నీ ఎక్కి క్యాబిన్‌లో కూర్చోగానే అక్కకు ఫోన్ చేసేవాడు. "ఎక్కిన" అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. సాయంత్రం నేల మీద కాలు పెట్టగానే మళ్లీ చేసి "దిగిన" అనేవాడు. క్రేను తిప్పుతూ ఫోన్ మాట్లాడకూడదు కాబట్టి మధ్యలో మాటలుండవు. అన్నం డబ్బా, నీళ్ల సీసా పైకే తీసుకుపోయి, ఒక్కడే ఆ గాజు డబ్బాలో కూర్చుని తినేవాడు. ఆ రెండు ఫోన్ల నడుమ మా అక్క వంట చేసినా, చేలో కూలీలతో మాట్లాడినా, సగం చెవి ఫోన్ దగ్గరే ఉండేది. గాలి ఎక్కువైన రోజు దిగడం ఆలస్యమైతే అక్క నాకు ఫోన్ చేసి, "మీ బావకు బుద్ధి లేదే, ఇంక దిగలే" అని తిట్టేది. దిగాడని తెలిశాక బావను తిట్టేది. "తిన్నవా?" అన్నది ఆ తిట్లన్నీ అయ్యాక వచ్చే మాట.

వానాకాలం మాత్రం మూడో ఫోన్ ఉండేది. పని ఆగిన సందులో చేసి, "మబ్బు మన దిక్కు లేసింది. మిద్దె మీది జొన్నలు తియ్యి" అనేవాడు. అక్క పరుగెత్తుకుంటూ మిద్దె ఎక్కితే అక్కడ కళ్లు చిట్లించేంత ఎండ. బావ చూసిన మబ్బు పటాన్‌చెరు కూడా దాటి ఉండదు. అయినా అక్క జొన్నలు ఎత్తేది. ఎప్పుడో ఒకసారి నిజంగానే వాన పడేది, ఆ ఒక్కదాన్ని బావ ఏడాది పొడుగూ చెప్పుకునేవాడు.

ఒకసారి నేను టీచరమ్మనని గుర్తుచేస్తూ, భూమి గుండ్రంగా ఉంటుందని, ఎంత ఎత్తు ఎక్కినా అక్కడి నుంచి జహీరాబాద్ కనిపించదని వివరంగా చెప్పాను. బావ బీడీ ఆర్పి నా మొహంలోకి చూశాడు. "ఊరు కానరాదు, గది నాకెర్క లేదా? నేనేమన్న పిచ్చోన్నా? దిక్కు కానొస్తది. దిక్కు కానొస్తె సాలు" అన్నాడు. ఆ మాట అప్పుడు తేలిగ్గా తీసుకున్నాను. ఈమధ్య బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తోంది.

ఇంట్లో బావ ఉన్నాడంటే భోజనం దగ్గర తమాషాగా ఉండేది. క్రేను నడిపేవాళ్లకు కింద నుంచి ఒక మనిషి చేతులతో సైగలు చేస్తాడు. చూపుడువేలు పైకి పెట్టి తిప్పితే ఎత్తమని, కిందికి పెట్టి తిప్పితే దించమని, అరచేయి అడ్డంగా ఊపితే ఆపమని. తిప్పే వేలి మీద రెండో అరచేతిని గొడుగులా కదలకుండా పడితే నిదానంగా అని. బావ అన్నం దగ్గర నోరు తెరిచి ఏదీ అడిగేవాడు కాదు. వేలు కిందికి తిప్పితే అక్క రొట్టె దించేది. అరచేయి ఊపితే గరిటె ఆగేది. వేడి పప్పు పోసేటప్పుడు వేలి మీద అరచేతి గొడుగు పట్టేవాడు. కొత్తగా వచ్చిన చుట్టాలు, ఈయనకు మాటలు రావేమో అనుకుని జాలిపడేవాళ్లు. మాటలు మొదలుపెట్టాక ఆ జాలి తమ మీద తమకే కలిగేది.

మా దిక్కు ఎల్లమాస పండుగ గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చలికాలం అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనుకు పోతాం. సజ్జ రొట్టెలు, పచ్చి గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన బజ్జి, అంబలి కుండ. చేలో ఐదు రాళ్లు నిలబెట్టి మొక్కి, ఆ తిండిలో కొంత నాలుగు దిక్కులా పంట మీద చల్లుతాం. దాన్ని పొలి చల్లడం అంటాం. ఆ తరవాత అందరం కూర్చుని తింటాం. ఆ రోజు బాటన పోయే మనిషిని తినకుండా పోనివ్వరు. మొహం తెలియకపోయినా కేకేసి పిలుస్తారు. పిలిస్తే రాకపోవడం తప్పు, పిలవకపోవడం అంతకంటే పెద్ద తప్పు.

మేడ సగం లేచిన ఏడాది ఆ పండుగకు బావకు సెలవు దొరకలేదు. అక్క ముందు రోజే రొట్టెలు, బజ్జి కట్టి తెలిసిన లారీ డ్రైవరు చేత పంపింది. బావ ఆ మూట పట్టుకుని క్యాబిన్ ఎక్కాడు. మధ్యాహ్నం మేం చేలో పొలి చల్లే వేళకు, తానూ కిటికీ జరిపి నాలుగు దిక్కులా చిటికెడు చిటికెడు చల్లాడు. అక్కడిదాకా బాగానే ఉంది. మన దిక్కు, పడమరకు వచ్చేసరికి భక్తి ఎక్కువై, బజ్జి అద్దిన సజ్జ ముద్ద మొత్తం విసిరాడు. అది పోయి పోయి కింద సేఫ్టీ ఆఫీసరు నెత్తి మీది టోపీ మీద పడింది. పై నుంచి ఏ వస్తువూ పడకూడదని పొద్దున్నే అందరికీ చెప్పిన మనిషి ఆయనే.

బావను వారం పాటు పనిలోంచి ఆపేశారు. ఇంటికి వచ్చి అరుగు మీద కాళ్లు చాపుకుని, "పండుగకు ఒక్క దినం సెలవియ్యమంటె ఇయ్యలే. రొట్టె పడేస్తె వారం ఇచ్చిన్రు" అన్నాడు. అక్కకు నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ కలిపి చేసింది. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికైనా సెలవు దొరక్కపోతే, రొట్టె పడెయ్ అంటాం.

మేడ పైదాకా లేచాక అద్దాలు ఎత్తడం మొదలైంది. మనిషి కంటే పెద్దవైన అద్దపు పలకలు తాళ్లకు వేలాడుతూ పైకి వచ్చేవట. "అండ్ల మబ్బులు కానొస్తుండె మర్దలా. మబ్బు తునుకను పట్టుకొని పెడుతున్నట్టుండె" అని చెప్పాడు. బిగించాక మాత్రం బయటి నుంచి ఎంత చూసినా లోపలి మనిషి కనిపించడట, ఆకాశమే కనిపిస్తుందట. ఆ మాట చెప్పినప్పుడు మొదటిసారి బావకు తొందర కనిపించింది. అద్దాలు అయిపోతే మేడ అయిపోయినట్టే. క్రేను విప్పేస్తారు. తరవాత గేటు లోపలికి రానివ్వరు. ఆలోపు అక్కను పైకి తీసుకుపోయి, తాను రోజూ చూసేది ఒక్కసారి చూపించాలని.

ఎవరెవరినో బతిమాలి ఒక ఆదివారానికి ఒప్పించాడు. అక్క మంచి చీర కట్టుకుని పోయింది. కూలీలు ఎక్కే జాలీ లిఫ్టులో, నెత్తి మీద పసుపు రంగు టోపీ పెట్టి, పైకప్పు దాకా తీసుకుపోయాడు. తిరిగొచ్చాక వారాల తరబడి బావకు అదే కథ. "మీ అక్కకు మన దిక్కు చూపిచ్చిన. మస్తు చూసింది" అని కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. అక్క పక్కనే నిలబడి తల ఊపేది. ఏం కనిపించిందక్కా అని నేను అడిగితే, "అన్నీ" అని వంటింట్లోకి పోయేది.

కొన్నాళ్లకు బావ నన్ను బస్టాండు దాకా దింపడానికి వచ్చి, దారిలో గొంతు తగ్గించి చెప్పాడు. "మీ అక్క కండ్లు తెరవలే తెలుసా? ఎక్కినకాడికెల్లి దిగేదాక గట్టిగ మూస్కున్నది. కానొస్తుందా అంటె, ఆ, మంచిగున్నది అన్నది." నేను పగలబడి నవ్వాను. "అనకు, చిన్నబోతది. ఇంకోపారి తీస్కపోత. అలవాటైతే తెరుస్తది" అన్నాడు. ఆ ఇంకోపారి కోసం ఆయన పడ్డ తిప్పలు నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

మేడ అయిపోయింది. క్రేను విప్పేశారు. ఇంకో చోట ఎక్కేముందు చేసే పరీక్షలో బావకు బీపీ ఎక్కువగా ఉందని తేలింది. ఇక ఎక్కకూడదన్నారు. జహీరాబాద్ వచ్చేశాడు. అల్లం చేనుకు పోతాడు, కలుపు తీయిస్తాడు, కానీ నేల మీద ఆయనకు ఏదో తెలియనట్టే ఉండేది. సాయంత్రమైతే మిద్దె మీది నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చునేవాడు. కొంతసేపు తూర్పుకు, పట్నం వైపు చూసేవాడు. "గా దిక్కుకెల్లి గిటు చూస్తుంటి. గిప్పుడు గీ దిక్కుకెల్లి గటు చూస్తున్న" అని నవ్వేవాడు. వాకిట్లో నుంచి అక్క వేలు కిందికి తిప్పి, దాని మీద అరచేతి గొడుగు పట్టేది. దిగు, నిదానంగా దిగు అని. బావ బుద్ధిమంతుడిలా ఒక్కొక్క మెట్టు దిగేవాడు.

ఒకరోజు పట్నంలో పనుందని చెప్పి ఆ మేడ దగ్గరికి పోయాడు. అక్కను మళ్లీ తీసుకురావడానికి ఎవరినైనా అడగవచ్చేమోనని. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "ఏ ఫ్లాట్‌కు పోవాలె అన్నడు. ఏ ఫ్లాటని చెప్పాలె మర్దలా? అన్నిట్ల నేను దించిన ఇనుమే ఉండె" అన్నాడు నాతో. నవ్వుతూనే చెప్పాడు. ఇది ఆయన పోవడానికి కొద్ది నెలల ముందు మాట.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, అక్కా నేనూ వంటింట్లో కూర్చున్నాం. సాయంత్రం అయింది. బావ 'దిగిన' అని ఫోన్ చేసే వేళ. ఆయన క్రేను మానేసి చాలా కాలమైనా ఆ వేళకు అక్క చూపు ఫోన్ మీదికి పోవడం నేను గమనిస్తూనే ఉన్నాను. అప్పుడు చెప్పింది. "నేను మీ బావకు అబద్దం చెప్పినే. పైన కండ్లు తెరవలే. చూసిన అన్న. పాపం నమ్మిండు. నమ్మే పోయిండు."

ఉండబట్టలేకపోయాను. "బావకు ఎర్కనే అక్కా. నాకు చెప్పిండు. నువ్వు చిన్నబోతవని అనలే. ఇంకోపారి తీస్కపోత అన్నడు" అన్నాను. అక్క నా వైపు తేరిపారా చూసింది. మొదట నవ్వింది. "ఎర్కనా? ఎర్కై గూడ ఊరంత చెప్పుకున్నడా?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని మళ్లీ నవ్వింది. బావ పోయిన రోజు నుంచి రాని ఏడుపు ఆ నవ్వులోంచే వచ్చింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, "నన్ను తీస్కపోవే. ఒక్కపారి. ఈపారి తెరుస్త" అంది.

ఎట్లా తీసుకుపోవాలి? ఏ ఫ్లాటు అని అడిగితే మేం మాత్రం ఏం చెప్తాం? చివరికి నాకో ఉపాయం తట్టింది. ఆ మేడలో పై అంతస్తుల ఇళ్లు కొన్ని ఇంకా అమ్ముడుపోలేదని వాళ్ల ప్రకటనలోనే ఉంది. ఫోన్ చేసి, చూడడానికి వస్తున్నామని దర్జాగా చెప్పాను. బడి వార్షికోత్సవానికి కట్టే పట్టుచీర తీశాను. అక్క బావ కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. వాళ్లు రమ్మన్న రోజు ఎల్లమాస అయింది. చావు జరిగిన ఏడు కాబట్టి మాకు పండుగ లేదు. జనమంతా చేలల్లో ఉన్నారు. బస్సు సగం ఖాళీగా పోయింది. బాట పక్క చేలల్లో జనం గుంపులుగా కూర్చుని తింటుంటే అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర మొదటి తప్పు తెలిసొచ్చింది. అలాంటి ఇల్లు కొనడానికి ఎవరూ ఆటోలో రారు. సెక్యూరిటీ మమ్మల్ని, ఆటోను, మళ్లీ మమ్మల్ని చూశాడు. ఫోన్‌లో మాట్లాడాక వదిలాడు. లోపల ఇళ్లు చూపించే అమ్మాయి ఎదురొచ్చి కాఫీ ఇప్పించింది. కప్పు చిన్నది, కుర్చీ పెద్దది. "తూర్పు వైపు చూస్తారా మేడం, పడమర వైపా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క, "మన దిక్కు" అంది.

లిఫ్టులో ఆ అమ్మాయి మేడ గురించి చెబుతోంది. అద్దాలు ఎక్కడి నుంచో ఓడలో తెప్పించారట. అక్క ఇక ఆగలేకపోయింది. "ఆ అద్దాలు మా ఇంటాయన ఎత్తిండు బిడ్డా. క్రేను ఆయనది. మొన్న పోయిండు. మేం కొననీకి రాలే. ఆయన కూసున్నకాడికెల్లి ఒక్కపారి చూసి పోతం" అని మొత్తం చెప్పేసింది. నా పట్టుచీర దర్జా అంతా ఆ లిఫ్టులోనే పోయింది. ఆ అమ్మాయి మమ్మల్ని కిందికి తీసుకుపోతుందని అనుకున్నాను. లిఫ్టు పైకే పోయింది. తలుపు తెరుచుకున్నాక, "నిదానంగా చూడండమ్మా. ఇప్పుడు ఎవరూ రారు" అంది.

ఖాళీ హాలు. గోడ నిండా అద్దం. అక్క నా చేయి పట్టుకుని అద్దం దాకా కళ్లు మూసుకునే నడిచింది. "వచ్చినమా?" అంది. "వచ్చినం" అన్నాను. కళ్లు తెరిచింది.

పడమర లేదు. మేడ కట్టేనాటికి ఖాళీగా ఉన్న చోట, సరిగ్గా ఎదురుగా, ఇంకో మేడ మా ఎత్తుకు లేస్తోంది. సిమెంటు స్తంభాలు, ఇనుప చువ్వలు, ఆకుపచ్చ జాలీలు. బావ చూసిన ఆకాశం, మబ్బు లేచే దిక్కు, అన్నీ దాని వెనకెక్కడో ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, ఇన్నాళ్లకు కళ్లు తెరిస్తే ఇదా అనిపించింది. ఆ అమ్మాయి కూడా తన తప్పేదో ఉన్నట్టు, "సారీ అమ్మా, ఈ వైపు కాస్త అడ్డం వచ్చింది" అంది.

అక్క అద్దానికి నుదురు ఆనించి ఎదురుగా చూస్తోంది. అటు చూశాను. ఆ మేడ పక్కన క్రేను నిలబడి ఉంది. మా ఎదురుగా దాని క్యాబిన్. లోపల ఒక మనిషి. ఒడిలో స్టీలు డబ్బా పెట్టుకుని, తల వంచుకుని, ఒక్కడే అన్నం తింటున్నాడు.

"అడ్డమేం లేదు బిడ్డా" అంది అక్క. కాసేపటికి, ఎవరికో ఫోన్‌లో చెబుతున్నట్టు, "తింటుండు" అంది.

ఆయన తిని, డబ్బా మూసి, చేయి కడుక్కునేదాకా మేం అక్కడే నిలబడ్డాం. అద్దానికి అవతల ఆయనకు ఆకాశం తప్ప మేం కనిపించమని అక్కకు తెలుసు. అయినా కుడిచేతి చూపుడువేలు కిందికి పెట్టి మెల్లగా తిప్పింది. దాని మీద ఎడమ అరచేతిని గొడుగులా పట్టింది. క్రేను మళ్లీ కదిలేదాకా ఆ చేతులు దించలేదు.